షుగర్ మిషన్‌లో నంబర్ సరిగ్గా రావాలంటే

సంపాదకులకు నమస్కారం.

మీ ఆరోగ్య పేజీని నేను ఎప్పుడూ వదలను. షుగర్ వ్యాధి గురించి మీరు తరచుగానే రాస్తున్నారు. ఏం తినాలి, ఎంత నడవాలి, పాదాలు ఎలా కాపాడుకోవాలి, కళ్ల పరీక్ష ఎందుకు ముఖ్యం, ఇవన్నీ పనికొచ్చే విషయాలే, కాదనను. కానీ ఇంట్లో గ్లూకోమీటర్ పెట్టుకుని వేలికి పొడుచుకుని చూసుకునేవాళ్లు ఆ నంబర్‌ని ఎంతవరకు నమ్మవచ్చో, అది సరిగ్గా రావాలంటే ఏం చేయాలో మాత్రం ఎక్కడా కనపడటం లేదు. నేను ల్యాబ్ టెక్నీషియన్‌ని, రోజంతా రక్తం తీసే పనిలోనే ఉంటాను. ఇంటి మిషన్ల గురించి జనానికి ఉన్న అనుమానాలన్నీ మా కౌంటర్ దగ్గరికే వస్తాయి, వెనక లైను ఉంటుంది కాబట్టి ఒక ముక్కలో చెప్పి పంపేయాల్సి వస్తుంది. ఆ ఒక్క ముక్క సరిపోదని రోజూ అనిపిస్తుంది. అందుకే ఈ ఉత్తరం, కాస్త పెద్దదే అయింది, ఓపిగ్గా చదవండి.

ఇన్సులిన్ వేసుకునేవాళ్లలో చాలామంది ఎన్ని యూనిట్లు వేసుకోవాలో ఆ నంబర్ చూసే నిర్ణయించుకుంటారు. ఇంకొంతమంది 'ఇవాళ తక్కువే ఉంది' అని మాత్ర మానేస్తారు. డాక్టరు గారు కూడా ఇంటి దగ్గర రాసుకున్న పుస్తకం తిరగేసి డోసు పెంచుతారు, తగ్గిస్తారు. ఆ పుస్తకంలో రాసిన నంబరే తప్పయితే ఆ తర్వాత జరిగేదంతా తప్పే. లేని షుగర్‌కి ఇన్సులిన్ వేసుకుంటే మనిషి కళ్లు తిరిగి పడిపోతాడు, ఇది నేను భయపెట్టడానికి చెప్పడం లేదు. అయినా మందు గురించి, తిండి గురించి చెప్పినంత వివరంగా ఈ కొలవడం గురించి ఎవరూ చెప్పరు. పెట్టె కొంటారు, లోపలి కాగితం మీద అక్షరాలు చీమతలకాయంత ఉంటాయి, అది మడత కూడా విప్పకుండా చెత్తబుట్టలోకి పోతుంది.

మాకు రోజూ ఎదురయ్యే ప్రశ్న ఇది: "పొద్దున ఇంట్లో చూసుకుంటే 160 వచ్చిందండీ, మీరు 140 అని ఇచ్చారు, ఎవరిది తప్పు?" చాలాసార్లు ఎవరిదీ తప్పు కాదు. ఇంటి మిషన్లకు ఐఎస్‌ఓ 15197 అని ఒక అంతర్జాతీయ ప్రమాణం ఉంది, 2013లో దాన్ని ఇంకొంచెం కఠినం చేశారు. దాని ప్రకారం షుగర్ 100 (అంటే వంద మిల్లీలీటర్ల రక్తంలో 100 మిల్లీగ్రాముల గ్లూకోజ్) లోపు ఉన్నప్పుడు ల్యాబ్ విలువకు అటూ ఇటూ 15 మిల్లీగ్రాముల లోపల రావాలి, 100 గానీ అంతకు మించి గానీ ఉంటే అటూ ఇటూ 15 శాతం లోపల రావాలి, అది కూడా నూటికి 95 రీడింగులు అలా వస్తే చాలు. అంటే అసలు విలువ 140 అయితే మిషన్ 119 చూపించినా, 161 చూపించినా అది పాసైన మిషనే. 200 ఉన్నప్పుడు 170 నుంచి 230 దాకా ఏదైనా రావచ్చు. కాబట్టి ఇంట్లో రెండు మిషన్లు పెట్టుకుని ఒకే వేలి రక్తంతో రెండింట్లోనూ చూసి, తేడా వచ్చిందని టెన్షన్ పడటంలో అర్థం లేదు. అదే మిషన్‌తో వెంటవెంటనే రెండుసార్లు చూసినా పది పన్నెండు తేడా రావడం మామూలే. ఒక మంచి మిషన్ చూసుకుని దానితోనే కొనసాగండి, పెరుగుతోందా తగ్గుతోందా అన్నది దానిలో తెలుస్తుంది.

మరి అంత తేడా ఉంటే మిషన్ ఎందుకు అంటారేమో. 140కి 160కి వైద్యంలో పెద్దగా మారేది ఏమీ ఉండదు. 60 ఉన్నప్పుడు 120 చూపిస్తే, 150 ఉన్నప్పుడు 300 చూపిస్తే ప్రాణం మీదికి వస్తుంది. సరిగ్గా వాడితే మంచి మిషన్ అలాంటి పొరపాటు చాలా అరుదుగా చేస్తుంది. ఆ పెద్ద తేడాలు ఎక్కువగా వచ్చేది మన చేతుల వల్ల, మిషన్‌లో పెట్టి రక్తం బొట్టు తగిలించే స్ట్రిప్పుల వల్ల. వాటి గురించి చెప్పేముందు ల్యాబ్‌కి, ఇంటికి ఉన్న తేడా సంగతి పూర్తి చేస్తాను.

మేము తీసేది చేతి నరం నుంచి. వేలి చివర సన్నటి నాళాల్లో ఉండే రక్తం దాదాపు గుండె నుంచి వచ్చిన రక్తమే, దానిలోని గ్లూకోజ్‌ని కండరాలు ఇంకా తీసుకుని ఉండవు. నరంలో తిరిగి వెళ్లే రక్తం కొంత గ్లూకోజ్ ఇచ్చేసి వెళుతుంది. పరగడుపున ఈ తేడా లెక్కలోకి రాదు, కానీ తిన్న గంటా రెండు గంటల్లో వేలి రీడింగు నరం రీడింగు కన్నా 20, 30 మిల్లీగ్రాములు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ ఉంటుంది. అందుకని తిన్న తర్వాతి రీడింగుతో మిషన్ మంచిదా కాదా తేల్చకూడదు.

మా వైపు నుంచి జరిగే తప్పు కూడా చెప్పాలి కదా. రక్తం ట్యూబులోకి తీశాక కూడా అందులోని కణాలు బతికే ఉంటాయి, గ్లూకోజ్ తింటూనే ఉంటాయి. కణాలను వేరు చేయకుండా వదిలేస్తే గంటకు 5 నుంచి 7 శాతం దాకా తగ్గిపోతుంది. దాన్ని ఆపడానికే షుగర్ పరీక్షకు బూడిద రంగు మూత ఉన్న ఫ్లోరైడ్ ట్యూబు వాడతాం, అది కూడా వేసిన క్షణంలో ఆపేయదు, పూర్తిగా పనిచేయడానికి గంట పైన పడుతుంది. ఇంటికొచ్చి రక్తం తీసుకెళ్లి, ఇంకో నాలుగు ఇళ్లు తిరిగి, మధ్యాహ్నానికి ల్యాబ్‌కి చేర్చిన శాంపిల్‌లో షుగర్ తక్కువ వచ్చిందంటే ఆ తగ్గింది ఒంట్లో కాకపోవచ్చు. మిషన్‌ది తప్పు, ల్యాబ్‌దే నిజం అని కళ్లు మూసుకుని అనుకోకండి, ఏ ట్యూబులో తీశారు, ఎంతసేపట్లో పరీక్ష చేశారు అని మమ్మల్ని అడగండి. అడిగే హక్కు మీకుంది.

మిషన్‌ని ల్యాబ్‌తో పోల్చి చూసుకోవాలంటే పరగడుపున ల్యాబ్‌కి వెళ్లేటప్పుడు మిషన్, స్ట్రిప్పులు వెంట తీసుకెళ్లండి. చేతులు అక్కడే కడుక్కుని, నరం నుంచి రక్తం తీసిన ఐదు నిమిషాల్లో వేలికి పొడిచి చూసుకోండి. ఆ నంబర్ రాసుకుని రిపోర్టు వచ్చాక పక్కన పెట్టి చూడండి. పొద్దున ఆరింటికి ఇంట్లో చూసింది, తొమ్మిదింటికి ల్యాబ్‌లో ఇచ్చింది పోలిస్తే మధ్యలో మూడు గంటల్లో మీ షుగరే మారి ఉంటుంది.

ఇక చేతులు. ఇక్కడ నేను కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే పెద్ద పెద్ద తప్పు రీడింగుల్లో చాలావాటికి కారణం ఇదే, దీనికి పరిష్కారం కూడా అన్నిటికన్నా తేలిక. ఇప్పటి స్ట్రిప్పులకు కావలసిన రక్తం ఒక మైక్రోలీటరు కన్నా తక్కువ, గుండుసూది తలంత బొట్టు. షుగర్ 100 ఉంది అంటే ఒక మైక్రోలీటరు రక్తంలో ఒక మైక్రోగ్రాము గ్లూకోజ్ ఉందని లెక్క, అర మైక్రోలీటరు బొట్టయితే అర మైక్రోగ్రాము. మైక్రోగ్రాము అంటే గ్రాములో పదిలక్షో వంతు, కంటికి కనపడదు. అంటే మీ వేలి మీద ఇంకో అర మైక్రోగ్రాము గ్లూకోజ్ ఆరిపోయి అంటుకుని ఉంటే చాలు, 100 కాస్తా 200 అయిపోతుంది. పండు ఒలిచిన చేతిలో అంతకన్నా చాలా ఎక్కువే ఉంటుంది.

ఒక పెద్దావిడ మా దగ్గరికి కంగారుగా వచ్చారు, ఇంట్లో 290 వచ్చిందని, మొన్నటిదాకా అంతా బాగానే ఉందని. మిషన్ చేతిలోనే ఉంది. ఇంకోసారి చూద్దాం అమ్మా అని వేలు పట్టుకుంటే కొన దగ్గర జిగటగా తగిలింది, మనవడికి పండు ఒలిచి పెట్టి చేతులు చీరకు తుడుచుకుని వచ్చారు. సబ్బుతో కడిగించి, బాగా తుడిపించి అదే మిషన్‌తో చూస్తే 152. ఆవిడ ఇన్సులిన్ వేసుకునే మనిషి. ఆ 290 నమ్మి వేసుకుని ఉంటే ఏమయ్యేదో నాకు ఇప్పటికీ తలచుకుంటే గుండె ఝల్లుమంటుంది.

"స్పిరిట్ దూదితో తుడుచుకున్నానండీ" అంటారు చాలామంది. స్పిరిట్ క్రిముల కోసం, చక్కెరను అది సరిగ్గా వదిలించదు. పండు ఒలిచాక స్పిరిట్‌తో తుడిచి చూసినా రీడింగు ఎక్కువగానే వస్తుందని, కుళాయి నీళ్లతో కడిగితే సరిగ్గా వస్తుందని పరీక్షించి చూసినవాళ్లు ఉన్నారు. పైగా స్పిరిట్ ఆరకముందే పొడిస్తే అది రక్తంలో కలిసి ఇంకో గందరగోళం. మామూలు సబ్బు, నీళ్లు చాలు, గోరువెచ్చటి నీళ్లయితే రక్తం కూడా బాగా వస్తుంది. కడిగాక పూర్తిగా తుడుచుకోవాలి, తడి వేలికి పొడిస్తే నీళ్లు కలిసి రీడింగు తక్కువ చూపిస్తుంది. బయట ఎక్కడో ఉన్నారు, కడుక్కునే వీలు లేదు, అప్పుడేం చేయాలి? వేలికి పొడిచి మొదటి బొట్టును శుభ్రమైన దూదితో తుడిచేసి రెండో బొట్టు వాడండి. చేతులు కడుక్కున్నప్పుడు మొదటి బొట్టే వాడుకోవచ్చు.

పొడుచుకోవడం గురించి. వేలి కొన మధ్యలో కాదు, పక్కన పొడవాలి, అక్కడ నొప్పి తక్కువ, రక్తం బాగానే వస్తుంది. రోజూ ఒకే వేలిని హింసించకండి. రక్తం రాకపోతే చేతిని కాసేపు కిందికి వేలాడదీసి, అరచేతి నుంచి వేలి వైపు మెల్లగా నిమరాలి. కొనను పట్టుకుని గట్టిగా పిండితే రక్తంతో పాటు చర్మం కింద ఉండే నీరు కూడా వచ్చి కలుస్తుంది, నంబర్ మారిపోతుంది. సూది లోతు పెంచుకునే ఏర్పాటు పరికరంలో ఉంటుంది, చర్మం మందంగా ఉన్నవాళ్లు ఒక నంబర్ పెంచుకుంటే ఈ పిండే బాధే ఉండదు. బొట్టు సరిపోలేదని తర్వాత ఇంకో బొట్టు అదే స్ట్రిప్‌కి అద్దకండి, మీ మిషన్ అందుకు ఒప్పుకుంటుందని కాగితంలో రాసి ఉంటే తప్ప. సూది గానీ, దాన్ని పెట్టి పొడిచే పరికరం గానీ ఒకరిది ఇంకొకరు వాడకూడదు, భార్యాభర్తలైనా సరే, సూది మార్చి వాడినా సరే. హెపటైటిస్ బి అలా పాకుతుంది.

ఇంక స్ట్రిప్పులు. చూడటానికి ప్లాస్టిక్ ముక్కలా ఉంటుంది కాబట్టి దానికేమవుతుందిలే అనుకుంటారు. ఆ ముక్క కొసన ఆరబెట్టిన ఎంజైమ్ ఉంటుంది. రక్తంలోని గ్లూకోజ్ దానితో చర్య జరిపినప్పుడు పుట్టే చిన్న కరెంటును మిషన్ కొలిచి నంబర్‌గా చూపిస్తుంది. ఎంజైమ్‌కి తేమ, వేడి పడవు. స్ట్రిప్పుల డబ్బా మూత అంత బిగుతుగా ఉండటానికి, లోపల తేమను పీల్చుకునే పదార్థం పెట్టడానికి కారణం అదే. ఒక స్ట్రిప్ తీయగానే మూత టక్కున బిగించాలి, పరీక్ష అయ్యాక పెడదాంలే అని వదిలేయకూడదు. ఒకాయన తన స్ట్రిప్పులు కాగితంలో పొట్లం కట్టి చొక్కా జేబులో పెట్టుకుని వచ్చారు. ఒకే డబ్బా కొని అన్నదమ్ములిద్దరూ చెరి సగం పంచుకున్నారట, డబ్బా అన్నయ్య దగ్గర ఉండిపోయింది. చెమట పట్టే చొక్కా జేబులో ఆ స్ట్రిప్పులు ఎన్నాళ్లుగా ఉన్నాయో, వాటి మీద వచ్చిన నంబర్లన్నీ ఆయన బుద్ధిగా పుస్తకంలో రాసుకున్నారు. ఆ రాతలు చూస్తుంటే నాకు చాలా బాధేసింది, అంత శ్రద్ధ ఉన్న మనిషికి ఈ ఒక్క మాట చెప్పినవాళ్లే లేరు.

చాలా స్ట్రిప్పులు సుమారు 30 డిగ్రీల లోపు ఉంచాలి, మీ డబ్బా మీద ఎంత రాసి ఉందో చూడండి. ఎండలో నిలబెట్టిన కారులో, పొయ్యి పక్క అలమరలో, స్నానాల గదిలో పెట్టకండి. అలాగని ఫ్రిజ్‌లోనూ పెట్టకూడదు, బయటికి తీసినప్పుడల్లా లోపల తేమ పడుతుంది. ఎక్స్‌పైరీ తేదీ ఒకటి ఉంటుంది, అది కాక మూత తీశాక ఇన్ని నెలల్లో వాడేయాలి అని చాలా డబ్బాల మీద ఇంకో గడువు ఉంటుంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. డబ్బా తెరిచిన రోజే పెన్నుతో దాని మీద తేదీ రాసేయండి. కోడ్ నంబర్ పెట్టుకోవాల్సిన మిషన్ అయితే కొత్త డబ్బా తెరిచిన ప్రతిసారీ ఆ కోడ్ సరిచూసుకోవాలి, కోడ్ తేడాగా ఉంటే నంబర్ తేడాగానే వస్తుంది. సీలు విప్పిన డబ్బా ఎంత తక్కువకు ఇచ్చినా కొనకండి.

కంట్రోల్ ద్రావణం అనే మాట మీ పాఠకుల్లో ఎంతమంది విన్నారో. ఇది గ్లూకోజ్ ఎంత ఉందో ముందే తెలిసిన ద్రావణం, చిన్న సీసాలో వస్తుంది. రక్తం బదులు దాని బొట్టు స్ట్రిప్‌కి తగిలిస్తే, వచ్చిన నంబర్ స్ట్రిప్పుల డబ్బా మీద రాసిన రెండు అంకెల మధ్య పడాలి. త్రాసు సరిగ్గా ఉందో లేదో తెలిసిన తూకపు రాయి పెట్టి చూసినట్టు అన్నమాట. ల్యాబ్‌లో మేము రోజూ పొద్దున ఇలాంటి పరీక్ష చేయకుండా ఒక్క రిపోర్టు కూడా ఇవ్వం, ఇంటి మిషన్‌కి మాత్రం కొన్నప్పటి నుంచి ఒక్కసారి కూడా ఎవరూ చేయరు. కొత్త డబ్బా తెరిచినప్పుడు, మిషన్ కింద పడినప్పుడు, నంబర్లు మీ ఒంటితో పొంతన లేకుండా వస్తున్నప్పుడు చేసి చూడాలి. మీ మిషన్ కంపెనీదే వాడాలి, అది తెరిచాక కూడా గడువు ఉంటుంది, మామూలుగా మూడు నెలలు. మందుల షాపులో అడిగితే దొరకడం లేదని చాలామంది చెబుతారు. కంపెనీలు మిషన్‌తో పాటే ఒక చిన్న సీసా ఇస్తే బాగుంటుంది, ఇది నేను గట్టిగా కోరుకునే విషయం.

అన్నీ సరిగ్గా చేసినా ఒంట్లో ఉన్న సంగతి వల్ల నంబర్ తప్పు రావచ్చు. రక్తహీనత బాగా ఉన్నవాళ్లలో ఎర్రకణాలు తక్కువ కాబట్టి చాలా మిషన్లు అసలు కన్నా ఎక్కువ చూపిస్తాయి, రక్తం చిక్కబడినవాళ్లలో తక్కువ చూపిస్తాయి. బాగా నీరసించి, ఒంట్లో నీరు లేకుండా పోయి, చేతులు చల్లబడిన మనిషికి వేలి రీడింగు మీద ఆధారపడకూడదు, ఆస్పత్రికి తీసుకెళ్లాలి. విటమిన్ సి పెద్ద డోసుల్లో తీసుకుంటే కొన్ని స్ట్రిప్పులు మోసపోతాయి. కడుపు ద్వారా డయాలిసిస్ చేయించుకునేవాళ్లలో కొందరికి ఐకోడెక్స్‌ట్రిన్ అనే ద్రావణం వాడతారు, అది శరీరంలో మాల్టోజ్‌గా మారుతుంది, ఒక రకం ఎంజైమ్ ఉన్న స్ట్రిప్పులు ఆ మాల్టోజ్‌ని కూడా గ్లూకోజ్‌గా లెక్కేశాయి. లేని షుగర్ కనిపించి ఇన్సులిన్ ఇచ్చి ప్రాణాలు పోయిన సంఘటనలు జరిగాక 2009లో మందులు, వైద్య పరికరాలను నియంత్రించే అమెరికా ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ దీని మీద హెచ్చరిక ఇచ్చింది. ఇది కొద్దిమందికే సంబంధించినదైనా ఆ కొద్దిమందికి చావుబతుకుల విషయం, అందుకే రాస్తున్నాను. డయాలిసిస్, రక్తహీనత, ఆక్సిజన్ పెట్టుకోవడం లాంటివి ఉంటే ఏ మిషన్ వాడాలో డాక్టరు గారిని అడిగి తీసుకోండి.

ఎప్పుడు చూసుకున్నారన్నది కూడా నంబర్‌లో భాగమే. పుస్తకంలో 180 అని ఒక్కటే రాసుకొస్తే దానితో ఎవరూ ఏమీ చేయలేరు. పరగడుపునా, తిన్నాక గంటకా, రెండు గంటలకా, మందు వేసుకున్నారా, జ్వరం ఉందా, నిద్ర పట్టిందా, పక్కన రెండు మాటలు రాయండి. తిన్నాక రెండు గంటలు అంటే మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నప్పటి నుంచి లెక్క, చేయి కడుక్కున్నప్పటి నుంచి కాదు. పరగడుపు రీడింగు ఒక్కటే చూసుకుని బాగుందని తృప్తి పడేవాళ్లు చాలామంది, వాళ్లకి తిన్నాక ఎంత పెరుగుతోందో అసలు తెలియదు. అలాంటివాళ్లే మూడు నెలల పరీక్ష, హెచ్‌బీఏ1సీ, 8 వచ్చిందంటే మిషన్ పాడైపోయిందంటారు. హెచ్‌బీఏ1సీ 7 అంటే సగటున 154, 8 అంటే సగటున 183 అని లెక్క, ఆ సగటులో మీరు చూసుకోని గంటలన్నీ ఉన్నాయి. అలాగని అది కూడా అందరికీ సరిపోయే కొలత కాదు, ఐరన్ తక్కువై వచ్చిన రక్తహీనతలో అది ఎక్కువ చూపించవచ్చు, ఈమధ్య రక్తం పోయినా, రక్తం ఎక్కించినా తక్కువ చూపించవచ్చు. రెండూ పక్కపక్కన పెట్టి చూడాలి.

ఇంకో మాట, డాక్టరు దగ్గరికి వెళ్లే ముందు రెండు రోజులు మాత్రం కడుపు మాడ్చుకుని ఆ నంబర్లు రాసుకెళ్లేవాళ్లకి. దాని వల్ల మీకు సరిపోని డోసు రాస్తారు, నష్టపోయేది మీరే. ఇళ్లల్లో వాళ్లు కూడా నంబర్ ఎక్కువ వచ్చినప్పుడల్లా తిట్టడం మానాలి, తిట్లు పడతాయని నంబర్ దాచే పెద్దవాళ్లను చాలామందిని చూశాను.

వింత నంబర్ వచ్చినప్పుడు ఏం చేయాలి అన్నది అందరికీ తెలిసి ఉండాలి. చెమటలు పడుతున్నాయి, చేతులు వణుకుతున్నాయి, గుండె దడ, కళ్లు మసకలు, అయినా మిషన్ 110 అంటోంది. అప్పుడు ఒంటినే నమ్మండి, 15 గ్రాముల గ్లూకోజ్ నోట్లో వేసుకుని చేతులు కడుక్కుని మళ్లీ చూడండి. 70 కన్నా తక్కువ ఉంటే అది లో షుగర్, అదే 15 గ్రాములు తీసుకుని 15 నిమిషాలాగి మళ్లీ చూసుకోవాలి. మనిషికి స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకండి, ఆస్పత్రికి తీసుకెళ్లండి. ఒంట్లో అంతా బాగానే ఉంది, మిషన్ 320 అంటోంది, అప్పుడు వెంటనే ఎక్కువ ఇన్సులిన్ వేసుకోకుండా చేతులు కడుక్కుని, కొత్త స్ట్రిప్‌తో, వేరే వేలికి ఇంకోసారి చూడండి. రెండోసారి కూడా అంతే వస్తే అది నిజమే, డాక్టరుకి ఫోన్ చేయండి. చాలా మిషన్లు 600 దాటితే అంకె చూపించకుండా 'హై' అని, 20 లోపు అయితే 'లో' అని చూపిస్తాయి, మిషన్ చెడిపోయిందనుకుని పక్కన పడేయకండి, అది అత్యవసరం. మళ్లీ చూసుకోమన్నాను కదా అని నచ్చిన నంబర్ వచ్చేదాకా నాలుగు వేళ్లు పొడుచుకుని అందులో తక్కువది రాసుకోవడం కూడా సరికాదు.

చేతికి అతికించుకునే సెన్సర్లు వచ్చాయి, ఇన్సులిన్ మీద ఉన్నవాళ్లకు నిజంగా వరమే అంటాను. అవి కొలిచేది రక్తాన్ని కాదు, చర్మం కింద నీటిని, అందుకే షుగర్ గబగబా మారుతున్నప్పుడు అవి ఐదు నుంచి పదిహేను నిమిషాలు వెనకబడతాయి. ఆ చేయి మీదకు ఒత్తిగిలి పడుకుంటే ఒత్తిడికి తప్పుగా లో అని మోగుతాయి కూడా. నంబర్‌కి, ఒంటికి పొంతన లేకపోతే వేలికి పొడిచి సరిచూసుకోవాలి. కానీ పొడవకుండానే, అసలు చర్మం లోపలికి ఏదీ వెళ్లకుండానే షుగర్ చెబుతాయని అమ్మే వాచీలు, ఉంగరాలు నమ్మకండి. అలాంటి దేనికీ తాము అనుమతి ఇవ్వలేదని, వాటిని వాడవద్దని 2024 ఫిబ్రవరిలో ఎఫ్‌డీఏ స్పష్టంగా ప్రకటించింది. సంపాదకులు గారూ, మీ పేపర్లో ఇలాంటి వాచీల ప్రకటనలు వస్తే దయచేసి వేయకండి.

ఇంటి మిషన్‌తో పక్కింటివాళ్లకి, చుట్టాలకి కూడా చూసి 'నీకు షుగర్ వచ్చేసింది' అని చెప్పేయడం కూడా మానాలి. జబ్బు ఉందా లేదా తేల్చడానికి నరం రక్తంతో ల్యాబ్‌లో చేసిన పరీక్ష కావాలి. అనుమానం వస్తే ల్యాబ్‌కి పంపండి, అంతవరకే.

1970 ప్రాంతంలో వచ్చిన మొదటి మీటరు కిలో పైనే బరువుండేది, డాక్టర్లకు, ఆస్పత్రులకు మాత్రమే అమ్మేవాళ్లు. రిచర్డ్ బెర్న్‌స్టీన్ అనే ఇంజినీరు, చిన్నప్పటి నుంచి షుగర్ ఉన్న మనిషి, డాక్టరైన తన భార్య పేరు మీద దాన్ని తెప్పించుకుని ఇంట్లో తనే చూసుకోవడం మొదలుపెట్టాడు, తర్వాత తనే డాక్టరు కూడా అయ్యాడు. రోగి తన షుగర్ తనే కొలుచుకోవడం ఏమిటి అని అప్పట్లో వైద్యులే ఒప్పుకోలేదు. ఇవాళ ఆ పరికరం అరచేతిలో ఇమిడిపోయి ఎవరింట్లోనైనా ఉంటోంది, అది చాలా గొప్ప విషయం, కానీ వాడటం నేర్పే పని మాత్రం ఎవరూ తమది అనుకోలేదు. డాక్టరు గారికి టైం ఉండదు, షాపులో అమ్మేవాళ్లు డబ్బా ఇచ్చేసి ఊరుకుంటారు, మా దగ్గర లైను.

అందుకని నా విన్నపాలు. డాక్టర్లకు, నర్సులకు: డోసు మార్చేముందు "మీ మిషన్ తెచ్చారా, నా ముందు ఒకసారి చూసుకోండి" అనండి. రెండు నిమిషాల పని, వేలు పిండుతున్నారో, చేతులు కడుక్కుంటున్నారో, స్ట్రిప్పుల గడువు దాటిందో అంతా కనపడిపోతుంది. ఇంట్లో పిల్లలకు: అమ్మానాన్నలు ఫోన్లో చెప్పే నంబర్ విని సరే అనకండి, ఇంటికి వెళ్లినప్పుడు ఆ స్ట్రిప్పుల డబ్బా ఒకసారి తిప్పి తేదీ చూడండి, వాళ్లు పొడుచుకునేటప్పుడు పక్కన కూర్చోండి. చూపు ఆనక 139ని 189 అని చదివేవాళ్లు, చేయి వణికి బొట్టు స్ట్రిప్ పక్కన పెట్టేవాళ్లు ఉన్నారు, అది ఫోన్లో తెలియదు.

సంపాదకులకు: మీ ఆరోగ్య పేజీలో ఒక్కసారి దీనికి సగం పేజీ ఇవ్వండి. చేతులు కడగడం నుంచి డబ్బా మూత పెట్టడం దాకా బొమ్మలు వేసి, కత్తిరించి మిషన్ పెట్టెలో దాచుకునేలా. మా ల్యాబ్ గోడకు అంటించే బాధ్యత నాది. అక్షరాలు మాత్రం పెద్దవిగా వేయించండి, షుగర్ వల్ల చూపు తగ్గినవాళ్లు కూడా కళ్లద్దాలు వెతుక్కోకుండా చదువుకునేలా.

ఇట్లు,
మీ పాఠకురాలు, ఒక ల్యాబ్ టెక్నీషియన్